ఉల్టా దారం

సోలాపూర్,
జూన్ 16

స్నేహకు,

సిస్టర్ల మఠంలో ఫోను పెట్టుకోనివ్వరని నువ్వు చెప్పిన రోజు నేను నవ్వాను. నిన్న పోస్టాఫీసులో కవరు కొంటుంటే అక్కడి ఆయన “కోర్టు పనా?” అని అడిగాడు. స్నేహితురాలికి ఉత్తరం రాయాలని చెప్తే నమ్మలేదు.

నువ్వు వెళ్ళాక పుస్తకాల కూటమి ఆగిపోతుందని అందరూ అనుకున్నారు. ఆగలేదు. హోట్గి రోడ్ చర్చి వెనక హాల్లో శనివారం సాయంత్రాలు కూర్చుంటూనే ఉన్నాం. నర్సు ఉద్యోగం నుంచి రిటైరై ఇంట్లో ఊరికే ఉండలేని యమునాబాయి గారు ఇప్పుడు పెద్ద. ఈ ఏడాదంతా సామాజిక న్యాయం గురించిన పుస్తకాలే చదవాలని ఫాదర్ గారు చెప్పారు. మొదట నీళ్ళు అయ్యాయి, తర్వాత భూమి. పోయినసారి శ్మశానాల గురించి చదివాం. మన చర్చి శ్మశానంలోనే కులాల వరసలు వేరువేరుగా ఎందుకున్నాయని ఎవరో అడిగేసరికి యమునాబాయి గారు చాయ్ తెమ్మన్నారు. చాయ్ వేళ ఇంకా కాలేదు.

నువ్వు పెట్టిన నియమం అలాగే ఉంది. చివర్లో ప్రతి ఒక్కరూ పేపర్లో చూసింది కాకుండా, తమ ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నేను మా వాడకు వచ్చే నీళ్ళ ట్యాంకరు గురించి చెప్పాను.

నేను అక్కడికి వెళ్ళడం చూసి వాడలో గుసగుసలు మొదలయ్యాయి. అమ్మ సూటిగానే అడిగింది. “బాప్తిస్మం తీసుకున్నవా ఏంది?” లేదమ్మా, పుస్తకం చదువుతున్నాం అన్నాను. “బి.ఎ. అయిపాయె గద, ఇంక ఏం చదువుతరే?” అంది.

ఈ మధ్య శాంత వదిన దగ్గర బీడీ చుట్టడం నేర్చుకుంటున్నాను. నా బీడీలు చూసి వదిన నవ్వుతోంది.

అక్కడ తిండి ఎలా ఉంది? రాయి.

శీతల్

—

వరంగల్ దగ్గర,
జూలై 2

శీతల్,

నీ ఉత్తరం మా పెద్ద సిస్టర్ విప్పి, చదవకుండా ఇచ్చారు. విప్పడం ఇక్కడి నియమం. చదవకపోవడం ఆమె మంచితనం.

నన్ను వంటింట్లో వేశారు. ఒకే గుండిగలో ఇంతమందికి పులుసు కాస్తానని ఎప్పుడూ అనుకోలేదు. మొదటి వారం ఉప్పు మరిచిపోయాను. అందరూ మౌనంగా తిన్నారు. అది నా మీద దయ అనుకుని పొంగిపోయాను, తీరా చూస్తే భోజనాల వేళ మాట్లాడకూడదట. పుస్తకాలకు కొదవ లేదు కానీ అన్నీ పరలోకం గురించినవే. భూలోకం సంగతులు నువ్వే పంపాలి.

ఇప్పుడు చెప్పు. బీడీ చుట్టడం నేర్చుకోవడం ఏమిటి? మనం తెలుగు బడిలో చదివేటప్పుడు మీ ఇంటికి వస్తే, నువ్వు చేటలో వేలు పెట్టబోయినప్పుడల్లా మీ అమ్మ చెయ్యి మీద కొట్టేది. “నా బిడ్డ వేళ్ళకు తంబాకు వాసన రావద్దు” అనేది. మీ వంశంలో బడి గడప తొక్కిన మొదటి మనిషివి నువ్వని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆ పార్వతీబాయి గారే ఇప్పుడు నిన్ను చేట ముందు కూర్చోబెట్టారంటే ఏదో ఉంది. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో రాసి, వెంటనే నా తిండి గురించి అడిగావు. నువ్వు ఎక్కడ తొందరపడి దాటేస్తావో అక్కడే అసలు సంగతి ఉంటుందని నాకు తెలియదా ఏమే?

స్నేహ

—

సోలాపూర్,
జూలై 21

స్నేహకు,

దాచాలని కాదు. ఎలా రాయాలో తెలియలేదు.

అమ్మకు అరవై నిండాయి. బీడీ కంపెనీ బ్రాంచిలో ఇంటికి ఆకు, తంబాకు ఇప్పించే ఆమె కార్డు ఇంక నడవదు. ఆ కార్డును అదే ఇంటి ఆడమనిషి ఒకరి పేరుకు మార్చడం మా బ్రాంచిలో అలవాటు. ఆ మనిషి వచ్చి, బీడీలు సరిచూసే చెకర్ ముందు కూర్చుని చుట్టి చూపించాలి. ఆయనకు నచ్చితే పేరు మారుతుంది.

మా ఇంట్లో ఎవరు చుడతారో నీకు తెలుసు. అమ్మ కళ్ళు ఎప్పుడో మసకబారాయి. పెళ్ళై వచ్చిన నెల నుంచీ చుడుతున్నది వదినే. పదేళ్ళకు పైనే అయింది. పేరు మాత్రం అమ్మది. ప్రవీణ్ అన్న కామెర్లతో పోయినప్పుడు కూడా దినాలు కాగానే చేట ముందు కూర్చుంది. నా కాలేజీ ఆ చేటలోంచే నడిచింది. బాపుది చాదర్ల కార్ఖానాలో మగ్గం పని, అది వారంలో ఉన్న రోజులు ఉంటుంది, లేని రోజులు లేదు.

కార్డు వదినకే వస్తుందని నేను అనుకున్నాను. బాపు కూడా అలాగే అనుకున్నాడు. “కోడలికి రాయించరాదు?” అన్నాడు.

“రాయిస్తే తెల్లారే సామాను కట్టుకుంటది” అంది అమ్మ. “కార్డు ఉంటే విడీ ఘర్కుల్ల, గా బీడీలోళ్ళ కాలనీల, ఇంటికి అర్జీ పెట్టుకోవచ్చు. కొడుకే పాయె, ఇంక ఆమెకు మనతోని ఏం పని? పోతది. ఆమె పోతే ఈ ఇంట్ల ఆకు ఎవరు చుడ్తరు, నువ్వు చుడ్తవా?”

బాపు నోట్లో తంబాకు ఉంది. ఉమ్మడానికి బయటికి వెళ్ళాడు.

అందుకని కార్డు నా పేరుకు రావాలి. వదిన నాకు నేర్పాలి. ఆ మాట అమ్మ వదినతో నా ముందే చెప్పింది. వదిన “సరే అత్తమ్మ” అంది.

నేర్పడంలో వదిన ఏమీ దాచడం లేదు. అది చూస్తేనే నాకు కష్టంగా ఉంది. “ఈనె నీ దిక్కు రానియ్యి. అట్ల కాదే పోరీ, పెన్ను పట్టినట్టు పడ్తవేంది? ఇది పరీక్ష గాదు” అంది మొన్న. “పరీక్షే కదా వదినా” అన్నాను. “ఔ, మర్చిపోయిన” అంది, ఇంకో ఆకు అందిస్తూ.

వదినది ఎడమచేతి వాటం. దారం అందరిలా కాకుండా ఉల్టా తిప్పుతుంది. ఆమెను చూసి నేర్చుకోవడం వల్ల కుడిచేతి దాన్నయినా నాకూ అదే వచ్చింది. అమ్మ తడిమి చూసి విసుక్కుంది. బీడీ ఊడిపోవడం లేదు కదా అని ఊరుకుంది.

కూటమిలో ఈసారి రైతు కూలీల గురించి చదివాం. చర్చ బాగా జరిగింది.

శీతల్

—

వరంగల్ దగ్గర,
ఆగస్టు 4

శీతల్,

రైతు కూలీల గురించి చర్చ బాగా జరిగిందా? సంతోషం.

మీ అమ్మకు వద్దని చెప్పు. ఈ ఉత్తరం చదివిన పూటే చెప్పు. శాంత వదిన చేసిన పనికి శాంత వదిన పేరు ఉండాలి. దీనికి పుస్తకం కూడా అక్కర్లేదు. మనం ఆ హాల్లో పెద్ద పెద్ద మాటలు చదివింది ఇలాంటి రోజు కోసం కాకపోతే ఇంకెందుకు? ఆమె ఘర్కుల్‌కు వెళ్తే వెళ్ళనీ. ఆమెకు ఇల్లు వద్దా?

కూటమిలో ఇంటి సంగతి చెప్పమంటే నువ్వు నీళ్ళ ట్యాంకరు గురించి చెప్పావు. ట్యాంకరు మీ ఇంట్లో ఉంటుందా?

కోపంగా రాస్తున్నానని అనుకుంటావు. అవును, కోపంగానే రాస్తున్నాను.

స్నేహ

—

సోలాపూర్,
ఆగస్టు 29

స్నేహకు,

నీ ఉత్తరం అందింది.

మొన్న శనివారం వదినను కూటమికి తీసుకెళ్ళాను. ఇంట్లో కూర్చుని చేసే పనుల గురించి చదివే రోజు అది. వదిన ఉతికిన చీర కట్టుకుని వచ్చినా తంబాకు వాసన వస్తూనే ఉంది. ఒకరిద్దరు కుర్చీలు కాస్త జరుపుకున్నారు. బ్యాంకులో పనిచేసే ఒకాయన లేచి, బీడీ అనేదే పాపం, ఈ కార్ఖానాలన్నీ మూయించాలి అన్నాడు. అందరూ వదిన వైపు చూశారు.

“మూయుండ్రి సార్” అంది వదిన. “కాకుంటే పొద్దుగాల్నే చెప్పుండ్రి, ఆకు నానబెట్టక ముందు.”

హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. చాయ్ వచ్చినప్పుడు ఆయనే వదినకు బిస్కెట్లు అందించాడు.

చివరికి ఇంటి సంగతులు చెప్పే వేళ అయింది. వదిన వంతు వస్తే, “మా ఇంట్ల ఏం లేదు బాయి, మంచిగనే ఉన్నం” అంది. తర్వాత నా వంతు. మా వాడలో వీధి దీపాలు వెలగడం లేదని చెప్పాను.

ఆటోలో తిరిగి వస్తూ వదిన “గా ఫ్యాన్ల గాలి మస్తుంది. మళ్ల ఎప్పుడు కూసుంటరు?” అని అడిగింది.

సోమవారం బ్రాంచిలో నన్ను కూర్చోబెట్టారు. చెకర్ మల్లప్ప చూశాడు. నేను పాసయ్యాను. పేరు మార్చడానికి ఫోటోలు తెమ్మన్నారు. అంతే.

శీతల్

—

వరంగల్ దగ్గర,
సెప్టెంబర్ 10

శీతల్,

‘అంతే’ అన్న మాట దగ్గర పెన్ను ఎంత ఒత్తి రాశావంటే కాగితం వెనక వేలికి తగులుతోంది. ఆ బ్రాంచిలో ఏం జరిగింది?

పోయిన ఉత్తరంలో నీకు ఆజ్ఞలు ఇచ్చాను. పంపిన తర్వాత రెండు రోజులు గుండిగ తోముతూ దాని గురించే ఆలోచించాను. ఇక్కడ గంట కొడితే అన్నం వస్తుంది. అది ఎవరి చేటలోంచి వచ్చిందో నేను చూడక్కర్లేదు. నా ఎదురుగా అమ్మ లేదు, వదిన లేదు. ఇలాంటి చోట కూర్చుని న్యాయం చెప్పడం తేలికే.

అందుకని ఈసారి ఏం చెయ్యాలో చెప్పను. జరిగింది మాత్రం రాయి.

స్నేహ

—

సోలాపూర్,
సెప్టెంబర్ 27

స్నేహకు,

రాస్తున్నాను.

ఆ రోజు బ్రాంచిలో చేటలు పట్టుకుని చాలామంది ఆడవాళ్ళు వరసలో ఉన్నారు. ఎప్పుడూ అమ్మే అప్పజెప్పే బీడీల మాలును ఆ రోజు వదిన మోసుకొచ్చి తలుపు దగ్గర నిలబడింది. అమ్మ నా పక్కన ఉంది. నేను చుట్టిన బీడీల్లోంచి ఒకటి తీసి మల్లప్ప ట్యూబ్‌లైట్ కింద తిప్పి చూశాడు. ఇంకొకటి చూశాడు. తర్వాత నవ్వాడు.

“అరే, ఉల్టా దారం! ఇన్నేండ్ల సంది పార్వతీబాయి చేటల నేను చూస్తున్నది గిదే. ఆమె చెయ్యి కాదని ఎన్నడో సమజైంది, ఎవరిదో ఎరుక లేకుండె. కాలేజీ పోరివి, ఎవ్వరికి చెప్పకుండ నువ్వేనా చుట్టింది? శాబాస్ బేటీ!”

వరసలోని ఆడవాళ్ళు నా వైపు తిరిగారు. “చదువుకుంట చుట్టిందట, బంగారం లాంటి పిల్ల” అంది ఒకామె. నేను నోరు తెరిచే లోపు అమ్మ మాట్లాడింది.

“ఔ, నా బిడ్డనే” అంది.

అది కాదని నేను చెప్పలేదు. కార్డు తీసుకోవడం ఒక సంగతి. అక్కడ మల్లప్ప ఇచ్చింది కార్డు ఒక్కటే కాదు. వదిన చేతుల పని అంతా, ఆమె చూస్తుండగా, నాదైపోయింది. నేను తల వంచుకుని నిలబడ్డాను. సిగ్గుపడుతున్నానని వాళ్ళు మెచ్చుకున్నారు.

ఇంటికి వచ్చేటప్పుడు వదిన నా పక్కనే నడిచింది. “నిజంగనే మంచిగ చుట్టినవ్” అంది. “దూరంకెళ్లి చూస్తే నేనే చుట్టిననుకున్న.” ఎత్తిపొడుపు అయితే భరించేదాన్ని. ఆమె మామూలుగానే అంది.

ఫోటోలు ఇవ్వాల్సిన రోజు దాకా ఆగాను. ఆ పొద్దున “వదినా, రా, ఫోటో నీది తీయిద్దాం” అన్నాను.

“అత్తమ్మకు ఎవరు చెప్తరు?”

“నేను చెప్తాను.”

“నువ్వు చెప్పవ్. చర్చిల అడిగితెనే వీధి దీపాలన్నవ్.”

కోపం లేకుండా, చేతిలో ఆకు కత్తిరిస్తూనే అంది. నేను లేచి వెళ్ళి అమ్మతో చెప్పాను. అమ్మ అరవలేదు. “చర్చిల నేర్పిచ్చేది గిదేనా? ఇంట్లోళ్ళ నోటి కాడిది తీసి బయట వెట్టుడు?” అంది. ఆమె బయటి మనిషి కాదమ్మా అన్నాను. “రేపు పోతది సూడు. పోయినంక నా పక్కన ఎవరు కూసుంటరు? నువ్వు కూసుంటవా?” కూర్చుంటానన్నాను. “నీ చేతుల ఏమున్నది?” అంది అమ్మ, అటు తిరిగి.

ఇద్దరం బ్రాంచికి వెళ్ళాం. ఆ చెయ్యి నాది కాదు, వదినదని మల్లప్పకు చెప్పాను. ఆయన నమ్మలేదు. “మొన్న మీ అమ్మ ఔ అన్నది గద? మరి ఆమె అబద్ధం ఆడిందా?” అని గట్టిగానే అడిగాడు. అదే వరస, అవే ముఖాలు. అందరూ మా వాడవాళ్ళే.

“అవును, అబద్ధం ఆడింది” అన్నాను.

మల్లప్ప వదినను కూర్చోబెట్టాడు. వదిన ఎడమచేత్తో ఆకు తీసుకుంది. ఒక బీడీ పూర్తి కాకముందే ఆయన “బస్, బస్” అని ఆపేశాడు. కార్డు వదిన పేరు మీద వస్తుంది.

మేం ఇల్లు చేరేలోపు నా మాట మా వాడకు చేరింది. అమ్మ ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు.

శీతల్

—

వరంగల్ దగ్గర,
అక్టోబర్ 12

శీతల్,

మీ అమ్మ అబద్ధం ఆడిందని నలుగురిలో అన్నావని చదివి ఆగిపోయాను. అంత మాట నేను చెప్పమనలేదే అనుకున్నాను. తర్వాత నా పాత ఉత్తరం గుర్తొచ్చింది. నేను చెప్పమన్నది అదే. ఆ మాటకు బ్రాంచిలో ఏ రూపం వస్తుందో నాకు తెలియలేదు, అంతే తేడా.

ఈ మధ్య వంటింటి నుంచి నన్ను తోటపనికి మార్చారు. మట్టి మంచిదే. మాట్లాడాలనిపించినప్పుడు దానితో మాట్లాడుతున్నాను.

శాంత వదిన వెళ్ళిపోతుందా?

స్నేహ

—

సోలాపూర్,
నవంబర్ 23

స్నేహకు,

వెళ్ళిపోయింది. అమ్మ చెప్పింది చెప్పినట్టే జరిగింది.

కార్డు వచ్చాక కొన్నాళ్ళు వదిన ఎప్పటిలాగే చేట ముందు కూర్చుంది. దీపావళి అయ్యాక ఒక పొద్దున నా దగ్గర కూర్చుని, విడీ ఘర్కుల్‌లో గది ఒకటి కిరాయికి చూశానని చెప్పింది. సొంత ఇంటికి అర్జీ కూడా పెట్టుకుందట. “నీతోని పంచాయితీ లేదు శీతల్, అత్తమ్మతోని గూడ లేదు. పెండ్లైన కాడికెళ్లి ఒక్క దినం గూడ నా ఇంట్ల నేను నిద్రలేవలే. ఒకపాలి లేచి సూస్త” అంది.

ట్రంకుపెట్టె బాపు మోసుకెళ్ళి ఆటోలో పెట్టాడు. వదిన తన కత్తెర, ఆకు కొలిచే రేకు పట్టుకుంది. చేట మాత్రం ఇక్కడే వదిలింది. అమ్మ లోపలి గదిలోంచి రాలేదు. వదిన గడప దగ్గర నిలబడి “పోయొస్త అత్తమ్మ” అని రెండుసార్లు అంది. లోపల గిన్నె చప్పుడైంది.

కార్డు ఆమెతో పోయింది కాబట్టి మా ఇంటికి ఆకు రావడం లేదు. నేను ఒక బడిలో చిన్న పిల్లలకు చెప్పడానికి కుదిరాను. అమ్మ పొద్దంతా గోడకు ఆనుకుని కూర్చునేది. వేళ్ళు ఒడిలో కదులుతూనే ఉండేవి.

కూటమిలో ఈసారి ఇంటి సంగతి చెప్పమన్నప్పుడు ఇదంతా చెప్పాను. యమునాబాయి గారు ఈసారి చాయ్ తెమ్మనలేదు. బ్యాంకు ఆయన “మరి న్యాయం జరిగినట్టేనా?” అని అడిగాడు. వదినకు జరిగిందన్నాను. “మీ అమ్మగారికి?” అన్నాడు. నేను కుర్చీలు సర్దడానికి లేచాను.

పోయిన వారం అమ్మ పొద్దున్నే చీర మార్చుకుని బయల్దేరింది. పెద్ద కత్తెర శాంత ఎత్తుకపోయిందని, తెచ్చుకుంటానని బాపుతో చెప్పింది. ఆ కత్తెర వదినదేనని బాపుకు తెలుసు. సిటీ బస్సు ఎక్కించి వచ్చాడు. అమ్మ సాయంత్రం దాకా రాలేదు. కత్తెర తేలేదు.

మర్నాడూ వెళ్ళింది. ఆదివారం నేను వదిన దగ్గరికి వెళ్తే ఆమె చెప్పింది. మొదటి రోజు అమ్మ లోపలికొచ్చి, గది నలువైపులా చూసి, కింద కూర్చుందట. తర్వాత వదిన ఒడిలోని చేటను తన ఒడిలోకి లాక్కుందట. “ఏమన్నావు వదినా?” అని అడిగాను. “ఏమంట? ఆకు నానింది అత్తమ్మ, తీసుకో అన్న” అంది. అమ్మకు కళ్ళు సరిగా కనబడకపోయినా వేళ్ళకు తెలుసట. పని అయినంత అవుతుంది, మిగతాది మాటలట. నా గురించి ఏమైనా అంటుందా అని అడిగాను. వదిన నవ్వి, ఆకు కత్తిరించుకుంది.

ఇప్పుడు అమ్మ రోజూ వెళ్తోంది. వదిన పేరు మీద చుడుతోంది. సాయంత్రం వదిన కట్టిచ్చిన కూర డబ్బాతో వస్తుంది. అది మా ముగ్గురికీ సరిపోతుంది. నాతో ఇంకా మాట్లాడటం లేదు.

ఈ రోజు నాకు సెలవు. అమ్మ చెప్పులు వేసుకుంటుంటే దగ్గరికి వెళ్ళి అడిగాను.

“అమ్మా, నేనూ రానా?”

అమ్మ తల ఎత్తి, అరుగు మీద కూర్చున్న బాపును చూసింది.

“ఆడ జాగ లేదని చెప్పు” అంది.

బాపు నాకు చెప్పాడు.

శీతల్